సగం ఎత్తులో ఆగిన జెండా

బుధవారం ఉదయం హారియెట్ లండ్‌క్విస్ట్ పెట్టుకున్న పనులు రెండే. వాన మొదలయ్యేలోగా వాకిట్లోని జెండా దింపడం ఒకటి. పోస్టాఫీసుకు వెళ్ళి, ఇరాక్‌లో ఉన్న కూతురికి పార్శిలు పంపడం రెండోది. పార్శిల్లో ఉన్ని మేజోళ్ళు, కాఫీ పొడి, అల్లం బిస్కెట్లు ఉన్నాయి.

మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్ళో హైస్కూలు పిల్లలకు పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి హారియెట్. యుద్ధం నాలుగో ఏట పడింది. అది అబద్ధం మీద మొదలైందని మొదటి వారం నుంచీ ఆమె ఊరి వారపత్రికకు ఉత్తరాలు రాస్తూనే ఉంది. శనివారాలు పోస్టాఫీసు ఎదుట యుద్ధం వద్దని రాసిన అట్ట పట్టుకుని నిలబడుతూనే ఉంది. ఆమె ఒక్కగానొక్క కూతురు కారిన్ నేషనల్ గార్డులో సార్జెంటు. అదే యుద్ధంలో సరుకు లారీలు నడిపిస్తోంది. వెళ్ళేముందు కారిన్ వాకిట్లో స్తంభం పాతించి, "జెండా యుద్ధం కోరేవాళ్ళొక్కళ్ళ సొత్తు కాదమ్మా, మనదీనూ" అని చెప్పి వెళ్ళింది. అందుకే యుద్ధాన్ని దుయ్యబడుతూ ఉత్తరం రాసిన చేత్తోనే హారియెట్ రోజూ జెండా ఎగరేసేది. జెండాను వానలో తడవనివ్వరాదన్న పాత నియమాన్ని ఊళ్ళోని దేశభక్తులెవరూ పట్టించుకునేవారు కారు. ఆమె మాత్రం తప్పేది కాదు.

ఆ ఉదయం తాడు లాగితే జెండా సగం దాకా దిగి ఆగిపోయింది. పైనున్న కప్పీలో ముడి ఇరుక్కుంది. ఎంత గుంజినా అది కిందికి రాదు, పైకి పోదు. పోస్టాఫీసుకు వేళ మించుతోంది. తిరిగొచ్చాక ఎవరినైనా నిచ్చెన అడుగుదామనుకుని, తాడు స్తంభానికి చుట్టి, హారియెట్ కారెక్కింది.

జెండా సగం ఎత్తున నిలిస్తే ఎవరో పోయారని అర్థం. సైన్యానికి బిడ్డను పంపిన ఇంటిముందు నిలిస్తే, పోయిందెవరని అడగనక్కరలేదు. ఎదురింటి ఆర్విడ్ టోర్గర్సన్ అడగలేదు.

అడగకపోవడమే ఆ ఊరి సంస్కారం. పక్కవాడి ఇల్లు అంటుకున్నా "మీ ఇల్లు తగలబడుతోందా?" అని అక్కడెవరూ అడగరు, "ఇవాళ కాస్త వెచ్చగా ఉందే" అంటూ బకెట్టుతో నీళ్ళు పట్టుకొస్తారు. ఆర్విడ్ యుద్ధాన్ని సమర్థించే మనిషి, సైనికులకు మద్దతు గుర్తుగా ట్రక్కు వెనక పసుపు రిబ్బను అతికించుకున్న మనిషి. హారియెట్ మొదటి ఉత్తరం అచ్చయినప్పటి నుంచి ఆమెతో వాతావరణం తప్ప మరో మాట ఎత్తలేదు. కిటికీలోంచి జెండా చూసి, అతను టోపీ తీసి, భార్య ఐలీన్‌ను పిలిచాడు. ఐలీన్ చూసి, కళ్ళొత్తుకుని, ఫోనెత్తింది. వాళ్ళ చర్చిలో ప్రార్థన కోసమని ఒక ఫోన్ల గొలుసు ఉంది: ఒకరు ఇద్దరికి చెబితే, ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి చెప్పాలి. చెప్పేది దేవుడికే అయినా, ఆయనకు చేరేలోగా ఊరంతటికీ చేరుతుంది.

పోస్టాఫీసులో కౌంటరు వెనకున్న లూయెల్లాకు అప్పటికే చేరింది. ఆమె పార్శిలు మీది పేరు చదివి, రెండు చేతులతో దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్లు పట్టుకుంది.

"దీన్ని... పంపించమంటారా, హారియెట్?"

"పంపకపోతే నేనెందుకు తెచ్చానూ?"

"అదే, అదే. మీ మనసుకు ఏది ఊరటగా ఉంటే అదే చెయ్యండి."

"నా మనసుకేమైందమ్మా? త్వరగా చేరితే చాలు. అక్కడ రాత్రిళ్ళు చలిగా ఉందట."

లూయెల్లా కౌంటరు చుట్టూ తిరిగి బయటికొచ్చి, హారియెట్‌ను కౌగిలించుకుంది. ఆ ఊళ్ళో మనుషులు ఒకరినొకరు కౌగిలించుకునేది పెళ్ళికీ, చావుకీ మాత్రమే. ఊళ్ళో ఆ వారం పెళ్ళేదీ లేదన్న సంగతి హారియెట్‌కు కారు సగం దారిలో ఉండగా తట్టింది.

ఇంటికి చేరేసరికి సన్నగా వాన పడుతోంది. ఆ వానలో ఆర్విడ్ ఆమె వాకిట్లో రాలిన ఆకులు ఊడుస్తున్నాడు.

"ఏమిటి ఆర్విడ్, మా ఆకులు మీరు ఊడుస్తున్నారు?"

"గాలి కొంచెం ఎక్కువగా ఉంది."

"ఉంటే?"

"ఆకులు రాలతాయి కదా." అతను టోపీ తీశాడు. బట్టతల మీద చినుకులు పడుతున్నా పెట్టుకోలేదు. "హారియెట్, మీ ఉత్తరాలు... అన్నీ తప్పేనని నేనెప్పుడూ అనలేదు."

ఇన్నేళ్ళుగా ఎన్ని సాక్ష్యాలు చూపినా, ఎన్ని ప్రభుత్వ నివేదికలు ఉటంకించినా అంగుళం కదలని మనిషి, తన ఉత్తరాలు తప్పు కావంటున్నాడు. ఇతని చేత ఈ మాట అనిపించగలిగింది ఒక్కటే ఉంటుంది. ఆ ఒక్కటేమిటో ఆమె అడగలేదు. పిల్లలకు ఏళ్ళ తరబడి "ఆధారమేదని అడగండి, సిగ్గుపడకుండా అడగండి" అని నూరిపోసిన నోరు పెగల్లేదు. ఆమె కూడా ఆ ఊరి మనిషే.

"చినుకులు పెద్దవౌతున్నాయి" అని మాత్రం అని లోపలికి వెళ్ళబోయింది.

గుమ్మం ముందు హాట్‌డిష్‌లు వరసగా ఉన్నాయి. గాజు పళ్ళెంలో మాంసం కూర పోసి, పైన బంగాళాదుంప బిళ్ళలు పేర్చి, ఓవెన్లో కాల్చిన వంటకమది. అడుగున ఎవరి పళ్ళెమో తెలిసేలా పేరు రాసి అంటిస్తారు. భర్త పోయినప్పుడు ఇవే పళ్ళేలు, ఇవే పేర్లతో, ఇదే గుమ్మం ముందుకు వచ్చాయి. హారియెట్ వాటిని ఒక్కొక్కటిగా లోపల పెట్టింది. చివరిది ఇంకా వేడిగా ఉంది. ఆ వేడి చేతికి తగలగానే అంతా స్పష్టమైపోయినట్లనిపించింది. తాను పోస్టాఫీసులో ఉండగా సైన్యం వాళ్ళు వచ్చి వెళ్ళారు. ఇంట్లో ఎవరూ లేక ఎదురింట్లో చెప్పారు. ఊరందరికీ తెలుసు, తల్లికి తప్ప.

సైనిక కుటుంబాల సహాయ నంబరుకు ఫోన్ చేసింది. ఒక రికార్డు గొంతు, ఆమె ఫోను తమకెంతో ముఖ్యమని చెప్పి, ఒక ఉత్సాహకరమైన కవాతు పాట వినిపించింది. అది చాలాసేపు వినిపించింది. పాట నడుస్తుండగా హారియెట్ టీవీ పెట్టింది. తెర నిండా కారిన్ ఉంది, గార్డులో చేరినప్పటి ఫొటోలో. కింద "నేలకొరిగిన వీరవనిత?" అని రాసి ఉంది. చివర ప్రశ్నార్థకం ఉన్నందున తమ నిజాయితీకి లోటు లేదని ఆ ఛానలు వాళ్ళ లెక్క. హారియెట్ ఆ ప్రశ్నార్థకాన్నే చూస్తూ నిలబడింది. దాని వంపులో కూతురి ప్రాణం వేలాడుతున్నట్లు చూసింది.

చివరికి ఫోనులో ఒక మనిషి పలికాడు.

"అలాంటి సమాచారం ఫోన్లో చెప్పమండి."

"అలాంటి సమాచారమేదో ఉందా అని అడుగుతున్నాను."

"ఉంటే మా వాళ్ళే మీ ఇంటికి వస్తారండి. ఇంకా రాలేదంటే..."

అప్పుడే వాకిట్లో ఒక నల్లటి పొడుగాటి కారు వచ్చి ఆగింది.

తలుపుకున్న గరుకు అద్దంలోంచి ఇద్దరు మనుషుల నీడలు కనిపించాయి. గంట మోగింది. హారియెట్ ఫోను పెట్టేసి, నడవాలోకి వచ్చి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. తెరవకపోతే వాళ్ళు చెప్పలేరు. చెప్పేదాకా కారిన్ ఉంటుంది. తర్కంలో ఇంతటి దోషం తన విద్యార్థి ఎవరైనా రాస్తే ఆమె ఎర్ర సిరాతో కొట్టేసేది. ఇప్పుడు దాన్ని గట్టిగా పట్టుకుని నిలబడింది.

"లండ్‌క్విస్ట్ గారూ! లోపల ఉన్నారా?"

"లేను."

బయట ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మీ దుఃఖం మాకు తెలుసు. మీ అమ్మాయి త్యాగం ఈ జిల్లా ఎన్నటికీ..."

ఆ గొంతు ఆమె ఎరిగినదే. అది సైన్యానిది కాదు. ఎన్నికలు ముంచుకొస్తున్న ఆ అక్టోబరు నెలలో రోజూ రేడియోలో, భోజనానికి ముందూ తరువాతా వినపడే గొంతు. యుద్ధానికి మొదటి రోజునే ఓటేసిన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు క్లిఫర్డ్ బ్రాండ్‌వోల్డ్. హారియెట్ భయం మధ్యలో కోపానికి కొంచెం చోటు దొరికింది. ఆ చోటులోంచే, ఆ రోజంతటికీ మొదటిసారిగా, ఒక ప్రశ్న బయటికొచ్చింది. ఆమె తలుపు తెరిచింది.

"మీకెవరు చెప్పారు?"

బ్రాండ్‌వోల్డ్ పక్కనున్న సహాయకుడి వైపు చూశాడు. వాళ్ళ వెనక, ఆర్విడ్ ఊడ్చిన చోట, మైకు పట్టుకున్న టీవీ విలేఖరి ఒకామె, కెమెరామన్‌తో నిలబడి ఉంది.

"టీవీలో వచ్చింది కదండీ" అన్నాడు సహాయకుడు.

"టీవీకి ఎవరు చెప్పారమ్మా?"

"కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసే సంతాపం ప్రకటించింది కదండీ" అంది విలేఖరి. "అంతకన్నా ఆధారం ఏం కావాలి?"

"ఆయన మిమ్మల్ని చూసి సంతాపం ప్రకటించాడు. మీరు ఆయన సంతాపం చూసి వార్త వేశారు. ఇద్దరికంటే ముందు ఎవరో ఏదో చూసి ఉండాలి. ఎవరు? ఏం చూశారు?"

విలేఖరికి ఫోను చేసింది చర్చి వాళ్ళట. చర్చి వాళ్ళకు చెప్పింది ఐలీన్. ఐలీన్ ఇంకో హాట్‌డిష్‌తో వాకిట్లోనే ఉంది.

"నాకు ఆర్విడ్ చెప్పాడు" అంది ఐలీన్, ఏడుపు గొంతుతో.

అందరూ ఆర్విడ్ వైపు తిరిగారు. అతను ఆకుల చీపురుతో పైకి చూపించాడు.

"జెండా."

హారియెట్ జెండా వైపు చూసింది. ముద్దగా తడిసి, సగం ఎత్తున అంటుకుపోయి ఉంది.

"తాడు ఇరుక్కుంది ఆర్విడ్! ముడి పడి ఇరుక్కుంది! ఒక్క మాట అడగొచ్చు కదయ్యా!"

"అడిగితే బాగుండదేమోనని..." అన్నాడు ఆర్విడ్.

ఒకరి మాట మరొకరికి సాక్ష్యమై, ఆ సాక్ష్యమే తిరిగి మొదటివారికి ఆధారమై, మధ్యలో ఎవరూ ఎవరినీ అడగకుండా ఒక సైన్యమే సముద్రాలు దాటి మరో దేశం మీద పడింది. ఆ పద్ధతిలో ఒక ఆడపిల్ల చనిపోవడానికి ఒక్క పూట చాలదా?

అయితే తాడు ఇరుక్కుందని తేలినంత మాత్రాన కారిన్ బతికుందని తేలినట్లు కాదు. ఊరికి తెలిసింది తప్పు కావచ్చు. నిజం ఏమిటో ఇంకా ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాగానే హారియెట్ వెనక్కి తిరిగి లోపలికి నడిచింది. అప్పుడు లోపల ఫోను మోగింది.

"అమ్మా! ఎంతసేపటి నుంచి చేస్తున్నానో తెలుసా? ఎప్పుడూ బిజీయే! ఎవరితోనే అంతసేపు కబుర్లు?"

హారియెట్ ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది.

"అమ్మా? ఉన్నావా?"

"నేనున్నాను. నువ్వున్నావా?"

"ఉన్నాను. భోజనాల డేరాలో టీవీ పెడితే నేను పోయానని చెబుతున్నారు. మావాళ్ళు రెండు నిమిషాలు మౌనం పాటించి నా ఐస్‌క్రీం తినేశారు, నేను ఎదురుగా కూర్చునుండగానే! అమ్మా, ఆ ఫొటో వాళ్ళకెవరిచ్చారు? నా చెవులు చూశావా అందులో?"

హారియెట్ గోడకు జారగిలి నేల మీద కూర్చుంది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. "మేజోళ్ళు పంపించాను" అంది. ఆ ఊళ్ళో ప్రేమను ఇంతకన్నా బాహాటంగా ఎవరూ చెప్పరు.

"సరేనమ్మా" అంది కారిన్. "నాకూ అంతే."

బయటికొచ్చి ఆమె ఆ సంగతి చెప్పగానే ఐలీన్ భోరుమంది. ఆర్విడ్ టోపీతో మొహం తుడుచుకున్నాడు. బ్రాండ్‌వోల్డ్ చేతిలోని ప్రసంగాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే... చాలా సంతోషం" అన్నాడు, పెళ్ళి ఆగిపోయిందని విన్న పురోహితుడి మొహంతో.

"మొన్న వేసవిలో పక్క ఊరి బేకరీ వాళ్ళ అబ్బాయి నిజంగానే పోయాడు. వాళ్ళింటికి వెళ్ళారా?" అని అడిగింది హారియెట్.

బ్రాండ్‌వోల్డ్ సహాయకుణ్ణి చూశాడు. సహాయకుడు ఆకాశాన్ని చూశాడు. ఇద్దరూ కారెక్కారు.

విలేఖరి చెవిలోని ఇయర్‌ఫోన్‌ను నొక్కుకుని, ఇబ్బందిగా దగ్గరికొచ్చింది. "మేడమ్, మీ అమ్మాయి బతికున్నట్లు సైన్యం ధ్రువీకరిస్తే గానీ వెయ్యలేమంటున్నారండి స్టూడియో వాళ్ళు."

"పోయినట్లు ఎవరు ధ్రువీకరించారు?"

"అది వేరండీ. అది బ్రేకింగు."

సాయంత్రం హారియెట్, ఆర్విడ్, ఐలీన్ ఒకే పళ్ళెంలోని హాట్‌డిష్ పంచుకుని టీవీ ముందు కూర్చున్నారు. అదే విషయం మీద చర్చ నడుస్తోంది. సార్జెంట్ లండ్‌క్విస్ట్ బతికే ఉన్నారని ఒక నిపుణుడు వాదించాడు. ఎన్నికల ముందు ఆమెను బతికించడం యుద్ధ వ్యతిరేకుల కుట్ర అని ఇంకొకాయన వాదించాడు. ఇద్దరికీ సమానంగా సమయమిచ్చిన తరువాత, నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుందని యాంకరు తీర్పు చెప్పాడు.