తడవనివాళ్ల వాంగ్మూలం

మా కంపెనీలో అవినీతి లేదని పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. లేకపోవడం వల్లనే ఈ చిక్కంతా వచ్చింది.

విదేశంలో ఉన్న ప్రధాన కార్యాలయం నుంచి ఒకనాడు తాఖీదు దిగింది. మిగతా దేశాల శాఖలన్నిటిలోనూ ఏదో ఒక అక్రమం బయటపడుతూ ఉండగా, ఈ ఒక్క శాఖలోనే ఏమీ బయటపడకపోవడం అనుమానాస్పదంగా ఉందట. నిఘా నిద్రపోతోందా అని అడిగారు. తాఖీదు చదివిన మా నిజాయితీ విభాగం అధికారికి ముచ్చెమటలు పోశాయి. ఆయన్ని మేం నిప్పుగారు అంటాం. కాఫీ మిషను దగ్గర ఎవరైనా కప్పు అందించబోతే చేతులు రెండూ వెనక్కి పెట్టుకునేంత నిప్పు. అలాంటి మనిషి ఉద్యోగానికే ఎసరొచ్చింది. దొంగే దొరకనప్పుడు దొంగను పట్టే విభాగం దేనికని పైవాళ్లు అడుగుతారు కదా!

నిప్పుగారు వెతకడం మొదలుపెట్టారు. ముందుగా అట్టపెట్టెల కాంట్రాక్టు చూశారు. పెట్టెలు సరఫరా చేసేది మా పెద్దసారుకి స్వయానా బావమరిది. ధర బజారు కంటే కాస్త ఎక్కువ, పెట్టె కాస్త పల్చన. అయితే పెద్దసారు ఆ చుట్టరికాన్ని ముందే రాతపూర్వకంగా వెల్లడించారు. వెల్లడించిన చుట్టరికం పారదర్శకత కిందికి వస్తుంది. నిప్పుగారు ఆ పారదర్శకతను అభినందించి ముందుకు సాగారు. తర్వాత, పర్మిట్లు చకచకా తెచ్చిపెట్టే సలహాదారుడి సంగతి చూశారు. మేమిచ్చే సొమ్ము ఆయన చేతి నుంచి ఎక్కడికి వెళుతుందో మాకు తెలియదు. తెలుసుకోబోమని ఒప్పందంలోనే స్పష్టంగా ఉంది. కనుక అదీ సక్రమమే.

అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ గేటు దాకా వచ్చేసరికి ఆయనకు గొడుగు కనబడింది.

నల్లటి పెద్ద గొడుగు, దానిమీద అట్టపెట్టెల కంపెనీ పేరు. పట్టుకుని నిలబడ్డది మా గేటు కాపలాదారు. చిన్నా పెద్దా అందరం ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాం. వానలు మొదలైన కొత్తలో బావమరిదిగారు మా ఆఫీసుకు వచ్చి, వెళ్లేటప్పటికి వాన తెరిపివ్వడంతో గొడుగు మరిచిపోయారు. మళ్లీ వచ్చినప్పుడు బాబాయ్ తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకోవయ్యా, మా ఇంట్లో ఇలాంటివి బోలెడున్నాయి" అన్నారు. అప్పటినుంచి చినుకు పడితే చాలు, బాబాయ్ కారు దగ్గరికి పరుగెత్తి, దిగినవాళ్లను మెట్ల దాకా తడవకుండా దిగబెట్టేవాడు. గొడుగు వాళ్ల నెత్తిన ఉండేది. వాన ఆయన నెత్తిన ఉండేది.

కానుక పుచ్చుకుని ప్రకటించలేదని నిప్పుగారు అభియోగం మోపారు. ప్రకటన కంప్యూటర్లోనే చేయాలి. బాబాయ్‌కి కంప్యూటరు లేదు. కంప్యూటరు లేనివారికి మినహాయింపు ఉన్నట్టు మా నిబంధనల్లో ఎక్కడా లేదు.

బాబాయ్ హడలిపోయి, గొడుగు చంకన పెట్టుకుని బావమరిదిగారి దగ్గరికి పరుగెత్తాడు.

"బాబ్బాబు, మీ గొడుగు మీరు తీసేసుకోండి సార్. నా ఉద్యోగం పోయేలా ఉంది."

"అమ్మో, నేను ముట్టుకోను! కానుకలు ఇవ్వం, పుచ్చుకోం అని మీవాళ్లు మాచేత కూడా సంతకం పెట్టించారు. మీ గేటు నుంచి వచ్చిన వస్తువు తీసుకున్నానంటే నా కాంట్రాక్టు పోతుందయ్యా" అని ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

ఇంటికి వెళితే భార్య ధైర్యం చెప్పింది. "ఎందుకండీ అంత దిగులు? అంతమందిని తడవకుండా చూసుకున్నారు. ఒక్కళ్లన్నా మీ తరఫున మాట్లాడరా?"

"ఎందుకు మాట్లాడరే? అందరూ మంచివాళ్లే" అన్నాడు బాబాయ్.

విచారణ సమావేశాల హాల్లో జరిగింది. గొడుగును ప్లాస్టిక్ సంచిలో పెట్టి బల్ల మీద ఉంచారు. నిప్పుగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా! ఇది గొడుగుకు సంబంధించిన విషయం కాదు, విలువలకు సంబంధించిన విషయం. ఇవాళ గొడుగు పుచ్చుకున్న చెయ్యి రేపు ఏం పుచ్చుకుంటుంది?"

"రెయిన్‌కోటు" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అది రికార్డుల్లోకి ఎక్కలేదు.

ఇక్కడ ఒక ధర్మసూక్ష్మం తలెత్తింది. గొడుగు లంచమైతే, దాని కింద నడిచినవాళ్లూ ఆ లంచంలో వాటాదారులే. కాబట్టి మమ్మల్ని ఒక్కొక్కరినే లేపి అడిగారు. తనకు చిన్నప్పటి నుంచీ వానలో తడవడమంటే ఇష్టమని పెద్దసారు సెలవిచ్చారు. తాను గొడుగుకు కాస్త పక్కగా నడిచానని నిప్పుగారు తమను తామే ప్రశ్నించుకుని జవాబు చెప్పుకున్నారు. టైపు చేసే అమ్మాయి తడిసిందట, లెక్కలాయన తడిశాడట. నా వంతు వచ్చినప్పుడు నేనూ తడిశాననే అన్నాను. అందరూ తడిసినచోట ఒక్కడినే పొడిగా ఉండటం మర్యాద కాదు.

చివరికి బాబాయ్‌ని అడిగారు. ఆయన మా అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. నాకు తల ఎత్తాలనిపించలేదు.

"వాళ్లు చెప్పింది నిజమేనండీ. ఎవరూ నా గొడుగు కిందికి రాలేదు. నేనే వేసుకున్నాను" అన్నాడు.

అప్పుడు గేటు దగ్గర కెమెరా తీసిన దృశ్యాలు వేశారు. కెమెరా పైనుంచి తీస్తుంది గనక గొడుగు కింద ఎవరున్నారో కనబడలేదు. పక్కన తడిసి ముద్దవుతున్న బాబాయ్ మాత్రం శుభ్రంగా కనబడ్డాడు. గొడుగు కింద ఆయన లేడని, ఇంకెవరో ఉన్నారని నిస్సందేహంగా తేలింది. అంటే బాబాయ్ విచారణ సంఘం ముందు అబద్ధమాడాడు. గొడుగునైతే క్షమించవచ్చు గానీ అబద్ధాన్ని మా కంపెనీ క్షమించదు.

మేమెవరినీ ఉద్యోగంలోంచి తీసేయలేదు. బాబాయ్ మా ఉద్యోగే కాదు, ఏజెన్సీ మనిషి. మనిషిని మార్చమని ఏజెన్సీని మర్యాదగా కోరామంతే. ప్రధాన కార్యాలయం మా శాఖను మెచ్చుకుంది. నిప్పుగారికి ప్రమోషన్ వచ్చింది.

మొన్న కుండపోతగా వాన కురిసింది. కొత్త కాపలాదారు నిబంధనలన్నీ క్షుణ్ణంగా చదివినవాడు, తన గదిలోంచి కదల్లేదు. కార్లు దిగి పరుగులు తీసి, మెట్ల మీద చేరి తలలు తుడుచుకుంటూ అందరం బాబాయ్‌నే తలుచుకున్నాం.

"పాపం, మనిషి చాలా మంచోడయ్యా" అన్నారు పెద్దసారు చొక్కా అంచు పిండుకుంటూ. "కాస్త నిజాయితీ కూడా ఉండుంటే ఎంత బావుండేది!"

అందరం అవునన్నాం.