మ్యాన్‌హోల్ దగ్గర పుష్ప

శుక్రవారం ఉదయం పదిన్నరకు కాజీపల్లిలోని ఒక మందుల ఫ్యాక్టరీలో కిష్టప్ప కడిగి ఆరబెట్టిన ట్యాంకులో కళ్లు మూసుకుని పడిపోయాడు. అతనికి ఏమీ కాలేదు.

ట్యాంకులో విషవాయువు తగిలి ఎవరైనా పడిపోతే ఎలా కాపాడాలో ఆ రోజు శిక్షణ. హైదరాబాద్ నుంచి పెద్దసారు చూడటానికి వస్తున్నాడు. సేఫ్టీ ఆఫీసర్ సుధీర్ పొద్దున్నే కిష్టప్పను పక్కకు పిలిచాడు.

"నేను విజిల్ ఊదంగనే పడిపో. ఎవరు పిలిచినా పలకొద్దు. ఎవరికీ చెప్పొద్దు. మంచిగ చేస్తే నిన్ను ప్యాకింగ్‌కు మారుస్త."

ప్యాకింగ్‌లో ఒక్కటే ఖాళీ ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకులు కడిగి కిష్టప్పకు దగ్గు పట్టుకుంది. నడుముకు తాడు కట్టించుకుని సంతోషంగా దిగాడు. పెద్దసారు కోసం సుధీర్ పటాన్‌చెరు వెళ్లాడు. ఈలోగా వాచ్‌మన్ ముర్తుజా లారీని వెనక్కి తీయించడానికి విజిల్ ఊదాడు.

ట్యాంకులోకి దిగే మ్యాన్‌హోల్ దగ్గర కాపలా ఉన్న పుష్ప లోపలికి తొంగి చూసింది.

"కిష్టప్పన్నా! గట్ల పన్నవేందే? పలుకు!"

కిష్టప్ప పలకలేదు. పుష్ప కేక పెట్టింది. ముర్తుజా పరుగున వచ్చి నిచ్చెన మీద కాలు పెట్టాడు. పుష్ప అతని కాలర్ పట్టుకుని వెనక్కి లాగింది.

"దిగొద్దు చాచా! ఒక్కడు పోతుండని ఇంకొకడు పోవాల్నా? తాడు గుంజు!"

శిక్షణ బాగా జరుగుతోందని కిష్టప్ప లోలోపల మెచ్చుకున్నాడు. దగ్గు వస్తే మింగాడు. అంతలో క్యాంటీన్‌లో పనిచేసే భార్య ఆగమ్మ గొంతు వినబడింది.

"ఆ ట్యాంకులల్ల దిగకుమని మొత్తుకున్న గదయ్యా! నన్నెవ్వలకు ఇడిసిపెట్టి పోతున్నవ్?"

సుధీర్ ఆమెకు కూడా నేర్పాడని అతను అనుకున్నాడు. ఇంట్లో ఆమె అంత ప్రేమగా మాట్లాడి చాలాకాలమైంది.

నలుగురు కలిసి అతన్ని పైకి లాగి నేల మీద పడుకోబెట్టారు. అప్పుడే కారు వచ్చి ఆగింది. సుధీర్ బూట్లు దగ్గరికి రాగానే కిష్టప్ప ఒక కన్ను తెరిచాడు.

"సార్, ప్యాకింగ్ పక్కానే గదా?"

ఆగమ్మ అతని చెంప మీద కొట్టింది. తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చింది.

జరిగిందంతా ముర్తుజా చెప్పాడు. పెద్దసారు పుష్పను చూపించి అడిగాడు. "ఆ అమ్మాయి ఎవరు? ఎవరినీ దిగనివ్వలేదట!"

"మా ట్రైనింగే సార్," అన్నాడు సుధీర్.

"ఆమెకు మంచి చోటు చూడండి."

ప్యాకింగ్‌లో ఖాళీ పుష్పకు ఇచ్చారు.

"అన్నా, నేనడగలే," అంది పుష్ప.

"నీదేం తప్పున్నది తియ్యి," అని కిష్టప్ప దగ్గాడు.

సోమవారం ఉదయం అతను మూడో నంబరు ట్యాంకులోకి దిగాడు. మ్యాన్‌హోల్ దగ్గర పుష్ప స్థానంలో ఎవరినీ పెట్టలేదు.