రాళ్లవాగు తీరంలో సముద్రం ప్రశాంతం

ఉగాది నాడు పినపాకలో జరిగిన బహిరంగ సభలో మంత్రిగారు జిల్లాకు సముద్రం ప్రకటించారు.

ఇదేమీ ఆషామాషీ విషయం కాదు. అంతకు ముందు ఏ మంత్రీ ఆ మైదానంలో నిలబడి సిమెంటు రోడ్డుకు మించి ప్రకటించిన పాపాన పోలేదు. "మన గోదావరి నీళ్లు పోయి యాడ కలుస్తున్నయ్?" అని మంత్రిగారు అడిగారు. సముద్రంలో అన్నారు జనం. "మన నీళ్లతోని నిండిన సముద్రంల మనకు వాటా ఉండాల్నా వద్దా?" ఉండాల్సిందే అన్నారు. "వాటా అడిగితే ఢిల్లీవోళ్లు మీకు తీరం లేదంటున్నరు. అరే, లేకనే గదా అడిగేది!"

ఆ మాటకు ఢిల్లీ దగ్గర జవాబు లేకపోయింది. సముద్ర తీర మత్స్యకారుల స్కీము కింద జిల్లాకు నిధులు మంజూరయ్యాయి. ఇక తీరం ఒక్కటే తక్కువ. పినపాకకు దగ్గర్లోని రాళ్లవాగు ఊరి చెరువు కట్ట మీద దాన్ని ఏర్పాటు చేస్తున్నట్టు మంత్రిగారు అక్కడికక్కడే శిలాఫలకం మీది గుడ్డ లాగి చెప్పారు. తీరానికి కన్వీనర్‌గా వీరబాబును వేశారు.

వీరబాబు మీసాలు మొలవకముందు నుంచీ పార్టీ జెండాలు కట్టినవాడు. రాళ్లవాగువాడే. తల్లి గురవమ్మ ఆ చెరువు చేపలనే గంపలో పెట్టుకుని మణుగూరు బొగ్గుగని కాలనీల్లో తిరిగి అమ్మి అతణ్ని పెంచింది. పదవితో పాటు అతనికి ఒక లైఫ్ జాకెట్టు, మైకు కట్టిన ఆటో వచ్చాయి. అడవి అంచున ఎండలు మండిపోతున్నా వీరబాబు ఆ నారింజ రంగు జాకెట్టు విప్పలేదు. పదవి అన్నాక కాస్త చెమట పట్టక తప్పదు మరి.

రోజూ పొద్దున్నే వేట పరిస్థితుల బులెటిన్ చదవడం అతని డ్యూటీ. రాసేది అరుణశ్రీ మేడం. డిప్యుటేషన్ మీద వచ్చిన తీర పరిస్థితుల అధికారి. అసలు సముద్రం ఉన్న పక్క రాష్ట్రం బులెటిన్ ఫోన్లో చూసి, ఊరి పేరు మార్చి పంపేది. తప్పు పోవడానికి వీల్లేని పద్ధతి.

"వసంతకాలపు ఉప్పునీటి చేపల వేట పరిస్థితులు," అని మైకులో వీరబాబు గొంతు ఊరంతా మోగేది. "రాళ్లవాగు తీరంలో ఆగ్నేయ గాలులు వీస్తున్నాయి. అలలు ఒక మోస్తరు. పెద్ద పడవలు లోపలికి పోవచ్చు."

ఊళ్లో పెద్ద పడవలు లేవు. చిన్నవీ లేవు. లారీ ట్యూబులు, థర్మాకోల్ తెప్పలే.

"అలలెక్కడియిరా?" అంది గురవమ్మ. "బర్రెలు దిగినయా?"

"అమ్మా, గది అఫీషియల్. నవ్వొద్దు."

గురవమ్మ మనసు అలల మీద లేదు, చేపల మీద ఉంది. ఏటా ఎండలు ముదిరి నీళ్లు నడుముల్లోతుకు దిగాక మత్స్యకారుల సంఘం వాళ్లంతా కలిసి వల దించుతారు. పడిన చేపలను కట్ట మీద ఇంటికో కుప్ప పోసుకుంటారు. ఆ కుప్పే ఆమెకు ఏడాది బతుకు. ఈసారి వానలకు ముందే ఇంటి మీది పగిలిన రేకులు మార్చాలని కూడా దాని మీదే ఆశ పెట్టుకుంది. చెరువులో బొచ్చె, రవ్వ చేపలు బాగా ఎదిగాయి. వచ్చే వారం వల దించుదామని సంఘం అధ్యక్షుడు సమ్మయ్య కబురు కూడా చేశాడు.

అంతలో బులెటిన్ వచ్చింది. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక తీరమంతటా వేట నిషేధం. జూన్ నడిమి దాకా ఎవరూ వల ముట్టరాదు.

సమ్మయ్య పరుగున వచ్చాడు. "మేడం, జూన్ దాక చెర్ల నీళ్లుంటయా? చేపలన్నీ సచ్చి బురదల పడవా?"

"గుడ్లు పెట్టనివ్వండి సమ్మయ్యగారూ. మీ మంచికే," అంది అరుణశ్రీ.

"బొచ్చె చెర్ల గుడ్లు పెట్టదు మేడం! చేపపిల్లల్ని మీ డిపార్టుమెంటోళ్లే తెచ్చి వదిలిన్రు."

"అది వేరే సెక్షన్."

ఇంటికి వచ్చిన కొడుకు ముందు గురవమ్మ అన్నం గిన్నె ఠక్కున పెట్టింది. "ఒక్క మాట చెప్పరాదురా మీ మంత్రికి? కడుపు మీద కొడుతుండు." వీరబాబు చెప్తానన్నాడు. చెప్పాడు కూడా. మంత్రిగారు అతని భుజం మీద చెయ్యి వేసి, "తమ్మీ, త్యాగాలు చెయ్యకుంట సముద్రాలొస్తయా?" అన్నారు. ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ వీరబాబుకు ఆ మాట సబబుగానే తోచింది.

ఇంతలో తీరాన్ని తనిఖీ చేయడానికి ఢిల్లీ నుంచి ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ఉప్పునీరు లేకపోతే నిధులు వాపసు పోతాయి. మంత్రిగారి బామ్మర్ది శ్రీధర్ ఈ తీరానికి కాంట్రాక్టరు. దక్షత గల మనిషి. తెల్లారేసరికి రేవు మూలన కల్లుప్పు బస్తాలు దింపి నీళ్లలో గుమ్మరించాడు.

"చేపలు బతికుండంగనే పులుసుకు ఉప్పేస్తున్రా?" అంది గురవమ్మ.

ఆఫీసరు వచ్చి, అక్కడే వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని తృప్తిగా తలూపాడు. రిపోర్టు రాత్రే గెస్ట్ హౌస్‌లో రాసేసుకున్నాడు కనుక తనిఖీ అక్కడితో అయిపోయేదే. కానీ కారెక్కబోతూ చెరువు వంక చూసి ఆగాడు. కట్ట నుంచి నీళ్ల దాకా బోలెడంత మేర నెర్రెలిచ్చిన బురద.

"సముద్రం ఇంత వెనక్కి పోయిందేం?"

"ఆటుపోట్లు సార్," అన్నారు వెంట ఉన్న మంత్రిగారు.

"ఇంత వెనక్కి పోవడం సునామీకి ముందు సూచన. జనాన్ని తరలించే ప్లాన్ ఉందా?"

లేదంటే మంత్రి ఎలా అవుతాడు? "రేపే సార్!" అన్నారు.

మర్నాడు వీరబాబు మైకులో మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక, మూడో ప్రమాద హెచ్చరిక వరసపెట్టి చదివాడు. గోదావరి పక్కన పుట్టినవాళ్లు హెచ్చరికలతో వాదన పెట్టుకోరు. మొదటిదానికి బియ్యం మూట కడతారు, రెండోదానికి మేకలను విప్పుతారు, మూడోదానికి నడుస్తారు. ఊహ తెలిసిన నాటి నుంచీ అదే అలవాటు. ఆకాశంలో గోరంత మబ్బు లేదు. అయినా ఊరికి ఊరు మూటలెత్తుకుని నడిచింది. మేడంతో కొట్లాడిన సమ్మయ్య కూడా, "నిజమో అబద్ధమో మల్ల చూద్దాం, జల్దీ నడువుండ్రి!" అని అందరి కన్నా ముందు నడిచాడు.

ఓపెన్‌కాస్ట్ గనిలోంచి తవ్వి పోసిన మట్టి గుట్ట పైన షామియానా వేసి ఉంది. పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు పంచారు. మంత్రిగారు మాట్లాడారు, సాయంత్రం దాకా మాట్లాడారు. మధ్యలో గురవమ్మ లేచి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చెరువు వైపు చూసింది. అక్కడ దుమ్ము లేస్తోంది.

"ఆ లారీలు ఎవరియిరా?"

"రెస్క్యూ టీమ్ అమ్మా. కూసో."

పొద్దు గుంకకముందే సునామీ ముప్పు తప్పిందని చెప్పి అందరినీ కిందికి దింపారు. చెరువు కట్ట నిండా లారీ టైర్ల గుర్తులు, తడి వలలు ఈడ్చిన చారలు. నీళ్లు బురద బురదగా కలగిపోయి ఉన్నాయి. సమ్మయ్య దిగి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కాళ్లతో దేవుకుంటూ నడిచాడు. ఒక్క చేప తగల్లేదు. కట్ట మీద ఆడవాళ్లు శాపనార్థాలు మొదలుపెట్టారు.

శ్రీధర్ ఎంతో ఓపికగా వివరించాడు. "సునామీ వస్తే ఫస్టు పోయేది చేపలే గదా. అందుకే ఒక్కటి ఇడవకుంట సురక్షిత ప్రాంతానికి తరలించినం."

"యాడికి?" అన్నాడు సమ్మయ్య.

"చల్లటి జాగకే. ఐసు పెట్టినం."

"మల్ల ఎప్పుడు తెస్తరు?" అంది గురవమ్మ.

శ్రీధర్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

ఒక్క ప్రాణ నష్టం కూడా లేకుండా సునామీని ఎదుర్కొన్న జిల్లాగా పేపర్లలో ఫొటోలు పడ్డాయి. ఫొటోలో మంత్రిగారి వెనక వీరబాబు జాకెట్టు సగం కనిపించింది. ఇంట్లో తల్లి అన్నం గిన్నె అతని ముందు మెల్లగా పెట్టి బయటికి పోయింది. గొడవ పెట్టుకున్నా బాగుండేదని అతనికి అనిపించింది.

మర్నాడు పొద్దున బులెటిన్ వచ్చింది. వీరబాబు కట్ట మీద ఆటో ఆపి, రెండుసార్లు గొంతు సవరించుకుని చదివాడు. "సముద్రం ప్రశాంతంగా ఉంది. నిషేధం ఎత్తివేశాం. రాళ్లవాగు తీరం వేటకు అత్యంత అనుకూలం. మత్స్యకార సోదరులు ఈ అవకాశాన్ని వినియోగించుకోగలరు."

తల ఎత్తేసరికి ఎదురుగా గురవమ్మ, చంకలో ఖాళీ గంప.

"పోవచ్చా బిడ్డా?"

"పోవచ్చమ్మా."

"పోయి ఏం పట్టాలె?"

వీరబాబు ఫోను పైకీ కిందికీ జరిపి చూశాడు.

"గది ఇంకా పైనుంచి రాలేదమ్మా."