ఇంకా పుట్టని ముదుసలులు బస్సెక్కిన విధము

చెవులు రిక్కింపుడు, శ్రోతలారా! షోవా చక్రవర్తి గతించి, ఆయన శకము ముగిసి, ఆ వెనుక మరి రెండు శకములు పుట్టినను ఆ కబురు చేరని ప్రాణి జపాను దేశమున ఒక్కటే కలదు. అది తుషారధవళ శిఖర పరివేష్టితమగు యునొసవ పట్టణమున, పురపాలక భవనపు నేలమాళిగలో, మరుగుదొడ్డి ప్రక్కగదిలో గుర్రుపెట్టుచున్న పాత కంప్యూటరు. షోవా యేలుబడిలో కొన్నది గనుక నేటికిని ఏండ్లను ఆయన గద్దెనెక్కిన యేటి నుండియే లెక్కించును. ఆ లెక్కకు దాని ఉదరమున గల గళ్ళు రెండే. తొంబదితొమ్మిది దాటిన పిమ్మట మూడవ గడి యెక్కడి నుండి వచ్చును, మీ తాత తెచ్చిపెట్టునా? కావున షోవా నూరవ యేట, అనగా ఈ యేట, కాలము సున్నకు దిగిపోయెను. షోవా పండ్రెండున పుట్టిన వారి వయస్సు మైనస్ పండ్రెండు అయ్యెను. ఊరిలోని ముదుసలులందరును ఒక్క పెట్టున ఇంకా పుట్టనివారైరి.

ఈ భూతమునకు కావలి యొక్కడే. రిబ్బను పరివర్తన విశారదుడు, కాగితపు చిక్కుల విచ్ఛేదన ధురంధరుడు, అకాల నిద్రావశ యంత్ర ప్రబోధన దీక్షాదక్షుడు, ఏబదితొమ్మిదేండ్ల గుమాస్తా నుమజిరి. పట్టణపు లెక్కలన్నియు సోమవారము నుండి సరికొత్త యంత్రమునకు తరలిపోవుననగా ఆ మహావీరుడు మూడు మారులు తన విభాగాధిపతి కుగిమియా సముఖమునకేగి మొరపెట్టెను.

"సార్, పెద్దవాళ్ళ వయసులన్నీ తప్పొస్తున్నాయి. కొత్తదాంట్లోకి ఇలాగే పంపిస్తే తప్పులే వెళ్తాయి."

"పాతదాని జబ్బు పాతదాంతోనే పోతుంది నుమజిరి గారూ. అయినా పెద్దవాళ్ళ వయసుల జాబితా మీద ఏడుగురు అధికారులం ముద్రలేశాం. ఏడు ముద్రలు పడ్డాక తప్పెలా ఉంటుంది?"

ఆహా, ఏమి వివేకము! రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్లయ్యెను. జాబితాను ఏడుగురిలో ఒక్కడును చదివిన పాపాన పోలేదు. ముద్ర కొట్టుటకు కన్నులతో పనియేమి? నుమజిరి తలవంచి, మూడు మారులును మెట్లు దిగి వచ్చెను.

అంతట నవంబరు మాసాంతమున, తొలిమంచు పడిన శుక్రవారము, సాయంకాలము నాలుగు గంటలు కావచ్చుచుండ, నేలమాళిగ మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినవచ్చెను. ఐదుంబావుకు పాత యంత్రము శాశ్వత నిద్రకు పోవలసియున్న ఆ చివరి ఘడియలలో వచ్చినదెవరనిన, కొండ మీది పల్లె యందు ఒంటరిగా వసించు ఎనుబదియెనిమిదేండ్ల తొమె బామ్మ. ఆమె చేతిలోనిది వేడినీటి బుగ్గల స్నానశాలకు పోవు వృద్ధుల బస్సు కార్డు. దాని గడువు ఆ దినముతో సరి.

"కొత్త కార్డు కోసం పైన అడిగితే కిందకి పొమ్మన్నారు నాయనా. ఇవాళ దాటితే మళ్ళీ వసంతంలో కమిటీ కూర్చోవాలట కదా?"

నుమజిరి ఆమె పేరు కొట్టి, తెరపై పచ్చని అక్షరములు చూచి, తల గోకికొనెను.

"ఏం చెప్పను బామ్మగారూ. ఈ మిషను లెక్కలో మీరింకా పుట్టలేదండీ."

"పుట్టలేదా! మరి ఈ మోకాళ్ళ నొప్పులు ఎవరివిట?"

"పన్నెండేళ్ళు పోతే పుడతారంటోంది."

"అందాకా స్నానం మానెయ్యమంటావా?" అని నవ్వి, ఆ నవ్వు సగములో ఆపి, ఆమె బెంచీపై కూలబడెను. "నవ్వులాటకి కాదు బాబూ. సోమ, గురువారాల్లో మా జట్టు పన్నెండు మందిమీ అక్కడే కలుస్తాం. ఒకళ్ళు రాకపోతే మిగతావాళ్ళు ఫోను చేస్తారు. ఇంట్లో తొట్టిలో నేనొక్కదాన్నే దిగి జారిపడ్డాననుకో, మూడ్రోజుల దాకా ఎవరికీ తెలీదు. పక్కింటి కతయామా అలాగే పోయాడు."

ఆ పలుకులు వినినంత నుమజిరికి కోపము వచ్చెను. ముప్పదియేండ్ల కొలువులో మున్నెన్నడు రాని కోపమది. ఆఖరి దినమున జారీయైన కార్డుల నకళ్ళు, ఏడు ముద్రల తప్పుడు జాబితాతో గాక, వేరొక కవరులో కొత్త యంత్రమునకు పోవునని అతడెరుగును. ఈ యొక్క అవ్వనైనను పుట్టించి తీరెదనని చొక్కా చేతులు మడిచెను.

ఇక చూడవలె ఆ సంగ్రామము! కాలచక్రమును వెనుకకు త్రిప్పుట దేవతలకును శక్యము కాదందురు. నుమజిరి దానిని రెండు వేళ్ళతో త్రిప్పెను. గోడకంటించిన పసుపు కాగితముపై గల రహస్యపదమును కొట్టి, యంత్రపు గడియారమును షోవా తొంబదితొమ్మిదికి దింపెను. యంత్రము ఘుర్ఘురారావము సేసెను, దీపము లార్పెను, మరల వెలిగించెను; ముద్రణయంత్రము కార్డును సగము కక్కి సగము కరచి పట్టెను; వీరుడు బొటనవ్రేలి గోరు విరుగునంతగా లాగి దాని కోరల నుండి విడిపించెను. ఎనుబదియేడేండ్ల తొమె బామ్మ వెచ్చవెచ్చగా భూమిపై పడెను.

"ఒక ఏడాది తగ్గానే! లాభమే," అని ఆమె మురిసెను.

కాని, అయ్యో, జారీయైన తేది కూడ నిరుటిదే పడెను! తప్పుపై రెండు గీతలు గీచి, ప్రక్కన విభాగాధిపతి దిద్దుబాటు ముద్ర పడనిదే ఆ కార్డు చిత్తుకాగితముతో సమానము. అప్పటికి ఐదు గంటల పది నిమిషములు. నుమజిరి గీతలు గీచి, నేటి తేది వ్రాసి, కార్డును చేతబట్టి, మెట్లు రెండేసి చొప్పున దాటి మూడవ అంతస్తున బడెను.

అచ్చట జరుగుచున్న వైభవమేమని చెప్పుదును! అది ముద్రల రద్దు మహోత్సవము. ఇకపై ఈ భవనమున కాగితము వలదు, ముద్ర వలదు అను ఉత్తర్వు, దళసరి కాగితముపై ముద్రితమై, ఊదారంగు పట్టుగుడ్డపై పరుండియుండెను. అది చెల్లుటకు ఏడు ముద్రలు కావలె. ఆరు పడెను. ఏడవది కుగిమియా చేతిలో, ఎర్రని సిరాలో అద్దుకొని, గాలిలో నిలిచియుండెను. రాజధాని నుండి వచ్చిన నిపుణుడు చప్పట్లకు అరచేతులు సిద్ధపరచుకొనెను.

"ఒక్క నిమిషం సార్! కింద ఉన్న బామ్మగారి బస్సు కార్డు ఇది. ముందిక్కడ కొట్టండి."

"ముద్రలు రద్దయిపోతున్నాయయ్యా!"

"ఇంకా కాలేదుగా సార్. మీరు అక్కడ కొట్టేదాకా చెల్లుతుంది."

"ఆవిడ వసంతంలో కొత్త పద్ధతిలో దరఖాస్తు పెట్టుకోవచ్చండీ, చాలా సులువు," అని నిపుణుడు చిరునవ్వు చిందించెను.

"వసంతం దాకా ఆవిడ ఉండాలిగా," అని నుమజిరి అతని వంకనైన చూడక పలికెను. "సార్, చదవక్కర్లేదు. మీరు ఎప్పుడూ చదవలేదు. కొట్టండి చాలు."

ఎవడో కిసుక్కున నవ్వెను. ఫోటో తీయువాడు గడియారము చూచుకొనెను. పీడ విరగడైన చాలునని కుగిమియా, మొగము కందగడ్డ చేసికొని, కార్డుపై టక్కున ఒకటి కొట్టెను. మినపగింజంత ఎర్రని వలయము! నుమజిరి నడుము విరుగునట్లు వంగి నమస్కరించి, మెట్లు దిగుచుండగా పైన చప్పట్లు మ్రోగెను, కచేరీ మూతవేళను తెలుపు ఐదుంబావు పాట భవనమంతట వినవచ్చెను. కార్డు అవ్వ చేతిలోను, దాని నకలు ఆ వేరు కవరులోను పడెను.

సోమవారము ఉదయమున బస్సు ద్వారము కడ క్రొత్త పెట్టె వెలసెను. తొమె బామ్మ కార్డు చూపెను. పచ్చదీపము వెలిగి టింగుమనెను. వెనుక సువె బామ్మ చూపెను. ఈమె యెవరో కాదు, మన కుగిమియాను కన్నతల్లి. ఎర్రదీపము వెలిగెను, 'వయస్సు చాలదు' అని పెట్టె పలికెను. ఆమె వెనుక పదుగురకును అదే గతి పట్టెను.

"నేనేం చెయ్యను బామ్మగారూ," అని డ్రైవరు సకావు చేతులెత్తెను. "మైనస్ పదిహేను, మైనస్ తొమ్మిది... ఇలా చూపిస్తోంది."

మంచులో నిలువబడిన స్నేహితురాండ్రను తొమె బామ్మ కలయజూచెను.

"ఆరేళ్ళలోపు పిల్లలకి టికెట్టు లేదుగా?"

"లేదండీ. పెద్దవాళ్ళు వెంట ఉండాలంతే."

"నేనున్నానుగా, ముద్ర పడ్డ పెద్దదాన్ని. వీళ్ళంతా నా పిల్లలు."

"పదకొండుగురా!"

"ఎంతమందో మీ బోర్డు మీద రాసి ఉందా?"

సకావు బోర్డును పైనుండి క్రిందికి చదివెను. వ్రాసి లేదు. ఆ పట్టణమున వ్రాతపలకను ఆసాంతము చదివిన ఉద్యోగి అతడొక్కడే యని ఇచ్చట మనవి చేసికొనుచున్నాను.

"నీ చెయ్యి పట్టుకుని ఎక్కాలా నేను?" అని సువె బామ్మ మూతి ముడిచెను.

"పట్టుకో తల్లీ, జారతావు. ఇంటికెళ్ళి మీవాడికి చెప్పు, వాళ్ళమ్మ పుట్టకముందే వాడు పుట్టి ఆఫీసరు కూడా అయ్యాడని."

బస్సు పురపాలక భవనము ముందు నుండి పోవుచుండ, నేలమాళిగ కిటికీలో, తీగ పీకిన పాత యంత్రమునకు దుమ్ము తుడుచుచున్న నుమజిరి తలయెత్తి, అద్దము వెనుక పండ్రెండు నెరసిన తలలు లెక్కపెట్టుకొనెను.

జయము, జయము! మినపగింజంత ముద్రకు దిగ్విజయము! ఆ మధ్యాహ్నము పొగలు గ్రక్కు నీటిలో ఒక పెద్దావిడయు, పదకొండుగురు పుట్టని పిల్లలును మెడదాక దిగిరి. పండ్రెండుగురు దిగిరి, పండ్రెండుగురును లేచి వచ్చిరి.