బుల్లబ్బాయి గారి పడవకు మోటార్

చేపలు పట్టాలంటే పడవ నీళ్లలోకి దిగాలని ఎవరన్నారండీ? ఒట్టి మూఢనమ్మకం! పడవ గట్టు మీదే ఉండాలి. దానికి ఏ మోటార్ కొనాలి, ఏ బ్యాటరీ పెట్టాలి అని యజమాని పక్కనే కుర్చీ వేసుకుని ఆలోచిస్తూ ఉండాలి. దోమలు కుట్టవు, పంచె తడవదు, పామొస్తుందన్న భయం లేదు. ఇంతకు మించిన జలవిహారం ఎక్కడుంది?

నమ్మకపోతే పాలకొల్లు అవతల కాలువ గట్టున కాపురముంటున్న బుల్లబ్బాయి గారిని చూడండి.

ఆయనది కొబ్బరి తోట. పేకాట లేదు, సిగరెట్టు లేదు. ఆదివారం పొద్దున్నే చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ లాకుల దాకా వెళ్లి, గాలం వేసి కూర్చోవడం ఒక్కటే వ్యసనం. పడితే నాలుగు జెల్లలు, పడకపోతే ఓ పూట ప్రశాంతత. అలాంటి మనిషికి కుడి భుజం పట్టేసింది. ఇక తెడ్డు ముట్టుకోవద్దని డాక్టరు గారు తేల్చి చెప్పేశారు. ఆదివారాలన్నీ ఇంట్లోనే గడపాల్సి వచ్చేసరికి ఆయనకు నిజంగానే బెంగ పట్టుకుంది. పడవకేసి చూస్తూ అన్నం కెలికేవారు.

అప్పుడు ఫోన్‌లో ఒక వీడియో దారి చూపించింది. పడవ వెనక చెక్కకు బిగించుకునే చిన్న ఎలక్ట్రిక్ మోటార్ ఉందట! ట్రోలింగ్ మోటార్ అంటారట. పెట్రోల్ అక్కర్లేదు, పొగ ఉండదు, చప్పుడు అసలే ఉండదు. మీరు వచ్చిన సంగతి చేపకు కూడా తెలియదు.

అయితే ఏ మోటార్? దాని బలాన్ని పౌండ్లలో కొలుస్తారట. మన వైపు పౌండు అంటే పుట్టినరోజు కేకు ఒక్కటే! ముప్పై పౌండ్లా, నలభై అయిదా, యాభై అయిదా? నీళ్లలోకి దిగే షాఫ్ట్ కడ్డీ పొట్టిదా, పొడుగుదా? బ్యాటరీ పాతకాలందా, లిథియందా? బుల్లబ్బాయి గారు వారం తిరక్కుండానే తేల్చుకున్నారు. ముప్పై పౌండ్ల చిన్న మోటార్, ఒంటి చేత్తో ఎత్తగలిగే లిథియం బ్యాటరీ. భుజానికి హాయి.

అంతటితో కొనేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు, గోదావరి జిల్లాల పరువూ ఉండేది కాదు. నలుగురినీ అడక్కుండా కొనేస్తామా? అడిగాక వాళ్లు చెప్పింది కాదంటామా? ఇక్కడ ఎవరు సలహా ఇచ్చినా "అలాగేనండి" అనాలి. అన్నాక పాటించాలి. లేకపోతే వాళ్ల మొహం ఎలా చూస్తాం?

ముందుగా వచ్చింది రొయ్యల చెరువుల దొరబాబు గారు. చెరువులో గాలి కోసం ఏరియేటర్లు తిప్పిన అనుభవంతో ఆయన అన్ని మోటార్ల మీదా సాధికారికంగా మాట్లాడతారు.

"ముప్పై పౌండ్లేంటండి బాబూ, మిక్సీకి సరిపోద్ది! ఎదురు నీటికి యాభై అయిదన్నా ఉండాలండి."

"అలాగేనండి" అన్నారు బుల్లబ్బాయి గారు.

తర్వాత బావమరిది ఉదయభాస్కర్. టౌన్లో ఇన్వర్టర్ బ్యాటరీల షాపు.

"లిథియం గిథియం మనకెందుకు బావగారూ? నా షాపులో కొండలాంటి బ్యాటరీ ఉండగా మీరు బయట కొంటే, రేపు నా దగ్గర ఎవరు కొంటారు చెప్పండి?"

ఆ కొండను కదపడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆయనకున్నదేమో ఒక్క చెయ్యి. అయినా "అలాగేనయ్యా" అన్నారు. ఇంటి ఆడబడుచుకు కోపం వస్తే ఇల్లు గడుస్తుందేమో గానీ, బావమరిది చిన్నబుచ్చుకుంటే గడుస్తుందా?

ఇలా ఎండాకాలం పోయింది, వానాకాలం వచ్చింది. రోజూ కాఫీలు తాగి పెద్దలంతా పడవ చుట్టూ చేరేవారు. ఈలోగా కాలువలో, వంతెన దగ్గర చాపంత ఉన్న గుర్రపుడెక్క కూడా ఊరికే కూర్చోలేదు. ఊదారంగు పూలు పూసుకుంటూ నిదానంగా ఇటు నడిచొచ్చింది. ఎంత అందం! సభ మొత్తం కాలువకు వీపు పెట్టి నిలబడింది కాబట్టి ఆ అందం ఎవరి కంటా పడలేదు, పాపం.

బుల్లబ్బాయి గారి భార్య లోవలక్ష్మి గారు మాత్రం గడువు పెట్టారు.

"ఏవండీ, కార్తీకమాసం లోపల ఈ పడవ కదలకపోతే మట్టి పోయించి బచ్చలి నాటేస్తానండి. కడియం నర్సరీల నుంచి గులాబీలు కూడా తెప్పిస్తాను."

ఆవిడ అన్నంత పనీ చేస్తారు. ఆయన పాత స్కూటర్ డిక్కీలో ఇప్పటికీ కొత్తిమీర పెరుగుతోంది.

దాంతో మోటార్ వచ్చింది. ఆటోలో బ్యాటరీ వచ్చింది. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, బంతిపూల దండ వేశారు, ప్రొపెల్లర్ కింద నిమ్మకాయ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. పడవను నీళ్లలోకి తోశారు. బ్యాటరీ వెనకాలే, బుల్లబ్బాయి గారూ వెనకాలే. పడవ ముందు భాగం ఆకాశానికి లేచింది!

"బ్యాటరీని ముందుకు జరపొచ్చుగా?" అన్నారు లోవలక్ష్మి గారు. వైరు చాలదన్నారు. దానికి సమానమైన బరువు ఊళ్లో ఎవరా అని వెతికి, అమ్మినవాడే తగినవాడని దొరబాబు గారు తేల్చారు. ఇస్త్రీ చొక్కాతో ఉదయభాస్కర్ ముందు కూర్చున్నాడు. పడవ సమంగా నిలిచింది. గాలానికీ బుట్టకూ చోటు లేక అవి గట్టు మీదే ఉండిపోయాయి.

స్విచ్ వేశారు. నిజంగానే చప్పుడు లేదు! పడవ పది బారలు వెళ్లింది. బుల్లబ్బాయి గారి మొహం వెలిగింది. అంతలో మోటార్ మూలిగి ఆగిపోయింది. ప్రొపెల్లర్ నిండా గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకున్నాయి.

"ఎనభై పౌండ్లది తీసుకోవాల్సిందండి!" అని గట్టు మీద నుంచి దొరబాబు గారు అరిచారు. షాఫ్ట్ పొట్టిదైపోయిందన్నారొకరు. రెండో బ్యాటరీ పెడదామన్నాడు ముందు కూర్చున్నవాడు.

బుల్లబ్బాయి గారు తలెత్తి చూశారు. ముందు వంతెన దాకా పచ్చటి చాప పరిచినట్టుంది. చుక్క నీరు కనబడదు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. జన్మలో మొదటిసారి ఆయన "అలాగేనండి" అనలేదు.

"మోటార్ బాగుందండి. బ్యాటరీ బంగారమండి. మరి కాలవేదండీ? ఈ డెక్క తీయించడానికి ఏం చెయ్యాలో, ఎవరి దగ్గరకెళ్లాలో ఒక్క సలహా చెప్పండి. మీరు చెప్పినట్టే చేస్తాను."

దొరబాబు గారికి చెరువులో మేత వెయ్యాలని గుర్తొచ్చింది. ఇంకొకరికి ఫోన్ వచ్చింది, మోగకుండానే. దిగే దారి లేని ఉదయభాస్కర్ ఒక్కడూ ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఇక బచ్చలి ఎందుకులెండి, కాలవే తోటలా పెరిగింది" అన్నారు లోవలక్ష్మి గారు.

కాబట్టి పాఠకులారా, చప్పుడు చెయ్యని మోటార్ కోసం డబ్బు తగలేయకండి. కాలువ గురించి ఒక్క మాట అడిగి చూడండి, ఊరు మొత్తం అంతకన్నా నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది.