పాస్‌వర్డుకు దండోరా

ఒక పెద్ద అడవిలో, ఏటికి ఇవతలి పక్క, జంతువుల పంచాయతీ ఆఫీసుకు వైఫై మంజూరైంది.

సంతోషించనిది గుమాస్తా కుందేలు ఒక్కటే. వరదొస్తే సాయం అందించాలని కుందేళ్ల బొరియలన్నిటికీ పటం గీయించి ఆఫీసు కంప్యూటర్లో పెట్టారు. అది సలహాదారు నక్కకు చిక్కితే కుందేళ్ల వంశం వారంలో ముగుస్తుంది. ఇన్నాళ్లూ కంప్యూటర్ గదిలోకి నక్కకు ప్రవేశం లేదు. ఇప్పుడు గాలిలోంచే రావచ్చు.

వైఫై బిగించడానికొచ్చిన వడ్రంగి పిట్ట దాని భద్రతలో రకాలు వివరించింది.

“వెప్ అని పాతది, తడిక లాంటిది. డబ్ల్యూపీఏ టూ చెక్క తలుపు. త్రీ అయితే ఇనుప తలుపు. మన మాటల్ని గజిబిజి చేసి గాలిలో పంపుతుంది. తాళంచెవి ఉన్నవాళ్లకే అర్థమవుతాయి.”

“మన ఉత్తర్వులూ అంతేగా,” అంది అధ్యక్షుడు ఏనుగు.

“వాటికి తాళంచెవి లేదండీ.”

“ఇనుప తలుపే పెట్టించండయ్యా, పిల్లలు గలవాణ్ణి,” అని కుందేలు బతిమాలింది.

నక్క గొంతు సవరించుకుంది. “అధ్యక్షులవారి ఫోను పాతది. తడిక తప్ప ఏదీ తీయలేదు. వారిని వీధిలో నిలబెడతావుటోయ్?”

తడికే ఖాయమైంది. పాస్‌వర్డు ఉత్తర్వు మీద ‘అత్యంత రహస్యం’ అని కుందేలే ముద్ర వేసింది. అయితే ఏ ఉత్తర్వుకైనా దండోరా వేయించాలన్నది అక్కడి నిబంధన. గాడిద డప్పు తగిలించుకుని బయల్దేరింది.

“ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, వైఫై పాస్‌వర్డు పచ్చగడ్డి నూట ఎనిమిది. దీన్ని ఎవరికీ చెప్పరాదహో.”

తడిక తోసుకుని రావాలనుకున్న నక్కకు తాళంచెవి కూడా ఊరికే దొరికింది. అయితే అందరికీ దొరికింది.

మర్నాడు పొద్దున్నే అడవంతా ఆఫీసు చుట్టూ చేరింది. కోతులు ఫోన్లలో కుస్తీ వీడియోలు పెట్టుకున్నాయి. ఎలుగుబంటి తేనె వంటకాలు పెట్టుకుంది. ఎవరికీ ఏదీ కదలడం లేదు. తాబేలు మాత్రం వేగం బాగుందంది.

మధ్యాహ్నానికి నక్క రుసరుసలాడుతూ వచ్చి కుందేలు బల్ల మీద ఒక కాగితం పడేసింది.

“ఫిర్యాదు. రసీదు ఇవ్వు.”

కుందేలు చదివింది. ‘కుందేళ్ల బొరియల పటము దింపుకొనుచుండగా ఉదయము నుండి మూడు శాతము వద్దనే ఆగియున్నది. తగు చర్య తీసుకొనగలరు.’

దాని చెవులు నిటారుగా నిలిచాయి. అయినా అలవాటు కొద్దీ ముద్ర గుద్ది, రసీదు చింపి ఇచ్చింది.

“చర్య ఎప్పుడు తీసుకుంటావోయ్?”

“ఇప్పుడేనండీ.”

పొద్దు వాలకముందే కుందేళ్లన్నీ ఏరు దాటి కొత్త బొరియలు మొదలుపెట్టాయి. నాలుగో నాడు పటం పూర్తిగా దిగింది. నక్క దాన్ని పట్టుకుని నలభై ఖాళీ బొరియలు తనిఖీ చేసి వచ్చింది.

నీతి: తలుపు గట్టిది కానప్పుడు, గుమ్మంలో రద్దీ అయినా గట్టిగా ఉండాలి.