వంగని మోకాలు

“ఇకమీదట ఈ దేశంలో ఏ పౌరుడి మోకాలూ వంగదు!” అని ఆరోగ్యశాఖ ఉపమంత్రి ద్రగొమీర్ కొల్చెవ్ గారు రాజధాని సోఫియాలో ప్రకటించారు. ఆ శుభకార్యం మా గోర్నా లూకాతోనే మొదలవుతుందని తెలిసి ఊరంతా పొంగిపోయింది. సాంస్కృతిక భవనం కాపలాదారుణ్ణి కనుక, ఆ చరిత్రాత్మక ఘట్టానికి కుర్చీలు వేసే భాగ్యం నాకే దక్కింది.

పథకం లబ్ధిదారు నెదెల్య అవ్వ. నాలుగో ఏట పోలియో వచ్చి కుడి తొడ కండ చచ్చుబడింది. కాలు మడతపడకుండా అడుగడుగునా చేత్తో మోకాలిని వెనక్కి నొక్కుకుంటూ నడుస్తుంది. కాలికి ఊతంగా కట్టుకునే పాత క్యాలిపర్ విరిగి నాలుగేళ్లయింది. దరఖాస్తు వయసూ అంతే.

“కొత్తదొస్తే సూప్ గిన్నె రెండు చేతులా పట్టుకుని పొయ్యి దగ్గర్నుంచి బల్ల దాకా నడుస్తా నాయనా,” అంది నాతో. ఆశకు అంతుండాలి కదా!

సభలో ఉపమంత్రిగారు కొత్త క్యాలిపర్ పెట్టె తెరిచారు. తొడ నుంచి పాదం దాకా రెండు ఉక్కు బద్దలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర తాళం వేసే రింగులు.

“ప్రజలకిచ్చేది ముందు నేను తొడుక్కుని చూస్తాను!” అన్నారు. ఇలాంటి నాయకుడు ఇంకెక్కడున్నాడు? వెంట వచ్చిన కార్యదర్శి ఆయన ప్యాంటు మీదే పట్టీలు బిగించాడు. ఆయన లేచి నిలబడగానే రింగులు టక్కున కిందికి జారి మోకాలి కీలు మీద బిగుసుకున్నాయి. చప్పట్లు మోగాయి. ఆయన కూర్చోబోయారు. కాలు ఒప్పుకోలేదు.

“ఏంటయ్యా ఇది?” నవ్వు చెరగకుండానే గొణిగారు.

“తాళం పడింది సార్.” కార్యదర్శి రింగులు పట్టుకుని లాగాడు. కదల్లేదు. “పట్టీలు విప్పెయ్యనా?”

“కెమెరాల ముందా? పథకమే విప్పేశానంటారు!”

“అయ్యా, ఆ కాలి మీద బరువు తీసెయ్యండి. రింగులు వాటంతటవే వస్తాయి,” అంది అవ్వ.

“అవ్వా, కార్యక్రమంలో మీ వంతు ఏడోది. అప్పుడు మాట్లాడండి,” అన్నాడు కార్యదర్శి.

చేసేదిలేక ఉపమంత్రిగారు పది నిమిషాల ఉపన్యాసాన్ని గంటన్నర చేశారు. “ప్రజల కోసం నిలబడ్డాను. కూర్చునే ప్రసక్తే లేదు!” అన్నారు. మా మేయర్ కళ్లు తుడుచుకున్నాడు. ఆఖరికి ఆయన్ని కారు వెనకసీట్లో పడుకోబెట్టి, బూటుకాలు కిటికీలోంచి బయటికి చాపించి, సైరన్ మోగించుకుంటూ తీసుకెళ్లిపోయారు. అవ్వ చేతికి ఖాళీ పెట్టె ఇచ్చి ఫొటో తీశారు.

మూడు వారాలకు సోఫియా నుంచి ఉత్తరం వచ్చింది. అవ్వకి చదివి వినిపించాను: “మీ ఊరికి కేటాయించిన క్యాలిపర్ జారీ అయినది. వాడుతున్న వ్యక్తి ఏ ఆసరా లేకుండా గంటన్నర నిలబడగలిగినందున పథకం విజయవంతమైనది. వారికి అవసరం తీరిన పిమ్మట మీ దరఖాస్తు పరిశీలించబడును.”

అవ్వ కాసేపు కళ్లజోడు తుడుచుకుంది.

“జవాబు ఏమని రాయను అవ్వా?”

“ఆయన మోకాలు త్వరగా బాగవ్వాలని రాయి నాయనా. తొందరేం లేదని కూడా రాయి. నాకింకా డెబ్బైమూడేగా.”